చర్చ: సిటీ బస్సులో, మెట్రోలో పక్కవారితో మాట కలపాలా, ఎవరి మానాన వారిని వదిలేయాలా?

నాగోలు వాసి (చర్చ మొదలుపెట్టినవారు):

మొన్న హైదరాబాద్‌లో అమీర్‌పేట మెట్రో స్టేషన్లో చూసిన దృశ్యం ఇంకా కళ్ళముందే ఉంది. చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకున్న ఒక పెద్దాయన, ఎర్రగడ్డ వెళ్ళడానికి ఏ అంతస్తుకు ఎక్కాలో తెలియక మెట్ల దగ్గర నిలబడిపోయారు. జనం ఆయన్ని తప్పించుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఆయన ఎవరినీ అడగలేదు. అడుగుదామన్నా అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి ఉంది. చివరికి నేనే వెళ్ళి కనుక్కుని, మియాపూర్ వైపు రైలు ఎక్కించాను. అదే సిటీ బస్సయితే ఆయన ఎక్కుతూనే "ఎర్రగడ్డ వస్తే కాస్త చెప్పండి బాబూ" అనేవారు. సగం బస్సు ఆ బాధ్యత నెత్తిన వేసుకునేది.

2017 నవంబరు 29న మెట్రో ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చిన వారంలోనే నేను బస్సు మానేశాను. నాగోలు నుంచి అమీర్‌పేటకు దుమ్ము లేదు, సిగ్నళ్ళ దగ్గర పడిగాపులు లేవు. ఆ సుఖాన్ని కాదనను. కానీ ఇన్నేళ్ళలో మెట్రోలో నాకు పరిచయమైన మనిషి ఒక్కరూ లేరు. బస్సులో పరిచయమైనవారిలో ఇద్దరు మా గృహప్రవేశానికి కుటుంబాలతో వచ్చారు. "పలకరించకపోవడమే ఎదుటివారికి ఇచ్చే గౌరవం" అంటాడు మా ఆఫీసులో ఒక మిత్రుడు. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

రాయదుర్గం ఉద్యోగి:

మీ మిత్రుడి మాటే నాది. రోజుకు తొమ్మిది గంటలు ఫోనులో ముక్కూ ముఖమూ తెలియని వారితో మాట్లాడటమే నా ఉద్యోగం. రైల్లో గడిపే యాభై నిమిషాలే నావి. ఆ మౌనాన్ని పొగరు అనుకోకండి.

ఇంకో విషయం కూడా చెప్పాలి. మన దగ్గర పలకరింపు వాతావరణంతో మొదలై అక్కడే ఆగదు. "ఏ ఊరు బాబూ?" అంటారు. తర్వాత "ఇంటిపేరేమిటి?" అంటారు. ఆ ప్రశ్న ఎందుకు వేస్తారో మనందరికీ తెలుసు. ఇంటిపేరు చెప్పగానే ఒకాయన నా వైపు తిరిగి కూర్చున్న తీరు మారింది. అప్పటిదాకా తన అరటిపండ్లలో ఒకటి తీసుకోమని బలవంతం చేసిన మనిషి, ఆ తర్వాత దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశారు. అది జరిగింది బస్సులోనే. మెట్రోలో నన్ను ఎవరూ ఏమీ అడగరు. అది నాకు ఊరట.

కోఠి ప్రయాణికురాలు:

రాయదుర్గం ఉద్యోగి గారూ, ఆ అరటిపండు సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. అయినా బస్సు ముందు సగంలో మా సంగతి వేరుగా ఉంటుంది, అది కూడా చెప్పనివ్వండి.

నేను 127కే బస్సులో కోఠి నుంచి మాదాపూర్ వెళ్తాను. ఎక్కిన వెంటనే వినిపించే మాట "ఎక్కడ దిగుతారు?". కొత్తవారికి ఇది వ్యవహారాల్లో తలదూర్చడంలా తోస్తుంది. కానే కాదు. మీరు లక్డీకాపూల్‌లో దిగితే ఆ సీటు తనదని అడిగినావిడ లెక్క. మీరు దిగేది చివరి స్టాపయితే ఇంకొకరి దగ్గరికి జరుగుతుంది. ఆ లెక్కలోంచే మాటలు మొదలవుతాయి. నిలబడిన అమ్మాయి భుజాన బరువైన బ్యాగు ఉంటే, కూర్చున్నావిడ "ఇలా ఇవ్వమ్మా" అని ఒళ్ళో పెట్టుకుంటుంది. లాప్‌టాప్, జీతం డబ్బు, అన్నం డబ్బా అన్నీ పేరు కూడా తెలియని మనిషి ఒళ్ళో ఉంటాయి. నేను అలా ఇచ్చాను, అలా పట్టుకున్నాను కూడా.

2023 డిసెంబరు 9న ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమంటూ మహాలక్ష్మి పథకం వచ్చాక రద్దీ పెరిగింది, సీట్ల కోసం తగవులూ చూశాను. అయితే జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు తీయాలి కదా, ఒకరోజు నా పక్కనున్న పెద్దావిడ తన కార్డు కండక్టర్‌కు చూపించి, "ఈ ఫోటోలో ఉన్నది నేనేనని నమ్ముతున్నావా బాబూ?" అని అడిగింది. ఆయన నవ్వాడు. వెనక సీటు అమ్మాయి తన కార్డు తీసి, "నాది ఇంకా ఘోరం పెద్దమ్మా" అంది. చాలాసేపు కార్డులు చేతులు మారుతూనే ఉన్నాయి.

కానీ "ఎక్కడ దిగుతావు?" అన్న ఆ మాటే ఒక మగవాడు, రాత్రి తొమ్మిదికి, ఖాళీ బస్సులో అడిగితే నేను నిజం చెప్పను. ఒక స్టాపు ముందే దిగి ఆటో ఎక్కిన రోజులున్నాయి. పలకరింపు మంచిదా కాదా అని అడిగే ముందు, ఎవరు ఎవరిని పలకరిస్తున్నారో అడగండి.

రిటైర్డ్ కండక్టర్:

నేను ముప్పై ఏళ్ళకు పైగా సిటీ సర్వీసుల్లో పనిచేశాను. అమ్మాయి గారు చెప్పిన "ఎక్కడ దిగుతారు?" దగ్గరే అసలు విషయం ఉందనుకుంటాను.

బస్సులో మనుషులు మంచివాళ్ళు, మెట్రోలో కాదు అంటే నేను నమ్మను. ఎక్కేది ఆ మనుషులే. బస్సులో ఒకరితో ఒకరికి పని పడుతుంది, తేడా అదే. కిక్కిరిసిన బస్సులో నా దగ్గరికి డబ్బు నాలుగు చేతులు మారి వచ్చేది, టికెట్టూ చిల్లరా మళ్ళీ ఆ నాలుగు చేతుల మీదుగానే వెళ్ళేవి. మధ్యలో ఒక్క రూపాయి పోయినట్టు నాకు గుర్తు లేదు. అన్నిటికన్నా పెద్ద పని చిల్లర లేకపోవడం. ఇద్దరికి చెరి ఐదు రూపాయలు ఇవ్వాలి, నా సంచిలో పది నోటు ఒక్కటే ఉంది. ఒకరి చేతిలో పెట్టి "ఇద్దరూ కలిసి తీసుకోండి" అనేవాణ్ణి. అంతే, అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరికీ చుట్టరికం కలిసేది.

2012 ప్రాంతంలో 5కేలో ఉదయం డ్యూటీ చేస్తున్నప్పటి మాట. మెహిదీపట్నంలో గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలబుట్టతో ఒకావిడ ఎక్కేది, లక్డీకాపూల్‌లో దిగేది. మాసబ్‌ట్యాంక్‌లో దిగే పాలిటెక్నిక్ కుర్రాడొకడు ఎక్కేవాడు. ఒకరోజు వాళ్ళిద్దరికీ ఒకే పది నోటు ఇచ్చాను. అతను ముందు దిగాలి, నోటు మార్చుకునే వీలు లేదు. "మీ దగ్గరే ఉంచండమ్మా" అని దిగిపోయాడు. మర్నాడు ఆవిడ కొంగు ముడి విప్పి, తడి పూలరేకులు అంటుకున్న ఐదు రూపాయల బిళ్ళ తీసి అతనికి ఇచ్చింది. అప్పటినుంచి అతను ఎక్కగానే ఆ బుట్ట సీటు కిందికి జరిపేవాడు.

దీంట్లో గొడవలూ లేకపోలేదు. నోటు పట్టుకుని ఒకడు దిగిపోతే రెండోవాడు నా మీద విరుచుకుపడేవాడు. వయసులో ఉన్న ఆడపిల్లను తెలియని మగమనిషితో ఎన్నడూ జత చేయలేదు. అమ్మాయి గారు చెప్పిన భయం మాకూ తెలుసు.

మెట్రోలో గేటుకు కార్డు చూపిస్తే చాలు, ఎవరి సాయమూ అక్కర్లేదు. సీట్లు కూడా గోడల వెంట ఎదురెదురుగా ఉంటాయి. పక్కపక్కన కూర్చుని ఒకే వైపు చూసేవారికి మాట సులువు, ఎదురుగా కూర్చుంటే చూపు తప్పించుకోవడమే పని. ఇప్పుడు బస్సులోనూ ఫోనుతో డబ్బు కట్టేస్తున్నారు. చిల్లర తగవు పోయినందుకు సంతోషమే. దానితోపాటు ఇంకేం పోయిందో కూడా చూడాలంటున్నాను.

చెన్నై తెలుగువాడు:

కండక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ సిటీ బస్సుల్లో కండక్టర్ చాలావరకు తన సీటులోంచి లేవరు, డబ్బే ఆయన దగ్గరికి నడిచి వెళ్తుంది. చెన్నై వచ్చిన కొత్తలో నాకు తమిళం ఒక్క ముక్క రాదు. ఎవరో భుజం తట్టి నోటు చేతిలో పెట్టారు. ముందున్నాయనకు అందించాను. వెనక్కి వచ్చిన టికెట్టూ నేనే అందించాను. ఆ రోజు ఈ ఊళ్ళో నాతో పనిపడిన మొదటి మనిషి, ఆ భుజం తట్టినవారే.

నాగోలు వాసి:

రాయదుర్గం ఉద్యోగి గారికి ఒక సంగతి. 2014లో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు షికాగో రైలు ప్రయాణికుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరిని పక్కవారితో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా ఉండమన్నారు. మాట్లాడినవారే ప్రయాణం హాయిగా సాగిందన్నారు. అలా మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించమన్నప్పుడు మాత్రం జనం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెప్పారు. మీకూ అలాగే అనిపిస్తోందేమో?

రాయదుర్గం ఉద్యోగి:

షికాగోలో ఇంటిపేరు అడిగి కూర్చునే తీరు మార్చుకుంటారా అన్నది ఆ అధ్యయనం కొలవలేదు కదండీ. నేను ఊహించుకుని భయపడటం లేదు, అనుభవించి జాగ్రత్తపడుతున్నాను.

కానీ కండక్టర్ గారి మాట నాకు నచ్చింది. పది నోటు ఇంటిపేరు అడగదు. ఐదు రూపాయలు ఎవరికి రావాలో అంతే చూస్తుంది. బ్యాగు పట్టుకోవడం, దారి చెప్పడం, సీటు ఇవ్వడం, వీటికి నేను ఎప్పుడూ సిద్ధమే. ఆ ఎక్స్‌రే కవరు పెద్దాయన నన్ను అడిగి ఉంటే నేనూ రైలు ఎక్కించేవాణ్ణి. ఆయన అడిగేలా నా ముఖం ఉందా అన్నదే ఇప్పుడు ఆలోచిస్తున్నాను. రేపటినుంచి అమీర్‌పేటలోనైనా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేస్తాను.

కోఠి ప్రయాణికురాలు:

కండక్టర్ గారూ, ఆ పూలావిడ, ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యారు?

రిటైర్డ్ కండక్టర్:

కొన్ని నెలలకు నన్ను 219కి మార్చారమ్మా. చివరిసారి చూసిన రోజు అతని పరీక్షలేవో ఉన్నాయి. మాసబ్‌ట్యాంక్‌లో దిగబోతుంటే ఆవిడ పిలిచి, పుస్తకంలో పెట్టుకోమని ఒక చామంతి ఇచ్చింది. నేను రైట్ కొట్టడానికి కాస్త ఆలస్యం చేశాను.