కంబాలకొండలో ఎలుకల బోనులు ఎక్కడ, ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం):
కంబాలకొండ అడవిలో ఎలుకలను ప్రాణాలతో పట్టి, గుర్తు వేసి వదిలే అధ్యయనానికి సిద్ధమవుతున్నాను. కాలిఫోర్నియా ఓక్ వనాల్లోని ఉడ్‌రాట్ అనే ఎలుక పుల్లలు పోగుచేసి, ఒక్కోసారి మనిషి ఎత్తు గూడు కట్టుకుంటుంది కనుక, అక్కడి పరిశోధకులు బోనును గూటి మొదట్లోనే పెడతారని చదివాను. మన దగ్గర అలాంటి గూళ్ళు కనబడవు. బోనులను గడులుగా పెట్టాలా, కలుగులు చూసి పెట్టాలా? వేసవిలో మొదలుపెట్టవచ్చా?

జవాబు 1:
అమ్మా, ఏయే జాతులున్నాయో తెలిస్తే చాలనుకుంటే కలుగులు, బండల సందులు, పొదల మొదళ్ళు చూసి పెట్టండి. సంఖ్య అంచనా వేయాలంటే మాత్రం సమదూరంలో గడులుగా పెట్టి, ప్రతి రాత్రీ అవే చోట్ల ఉంచాలి. ఉడ్‌రాట్ గూటిలో సాధారణంగా ఒకే పెద్ద ఎలుక ఉంటుంది కాబట్టి గూళ్ళ లెక్కే అక్కడ కొంత ఆధారం. మనకు మాత్రం మళ్ళీ పడిన ఎలుకలే దిక్కు. మొదట 20 ఎలుకలకు గుర్తు వేసి, తరువాత పట్టిన 20లో గుర్తున్నవి 5, అంటే నాలుగో వంతు, కనిపిస్తే, ఆ మొదటి 20 కూడా మొత్తంలో నాలుగో వంతే అనుకుని మొత్తం సుమారు 80 అని లెక్క. గుర్తు వేసినది బోనులో చచ్చినా, బెదిరి మళ్ళీ దాని జోలికి రాకపోయినా, అంచనా అసలుకన్నా పెరిగిపోతుంది. ఎలుక క్షేమంగా బయటపడితేనే లెక్క నిలుస్తుంది.

ఎలుకను ప్రాణాలతో పట్టే అల్యూమినియం రేకు పెట్టె, అంటే షెర్మన్ బోను, ఎండ తగిలితే పెనంలా కాలుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలలు వదిలేయమంటాను. ఏ కాలంలోనైనా నీడలో పెట్టి, ఆకులు కప్పి, పొద్దుగూకాక తెరిచి, తెల్లవారగానే చూసి, పగలంతా మూసి ఉంచండి.

జవాబు 2:
ఎండ తరువాత నా భయం చీమలే. బెల్లం, ఎండుచేప ఎరగా వద్దు. అటుకుల్లో దంచిన వేరుశనగపప్పు కొద్దిగా కలిపితే చాలు. చీమలబారు కనిపించిన చోట ఆ రాత్రికి బోను మూసేయండి, ఎందుకంటే లోపల చిక్కిన ఎలుకకు తప్పించుకునే దారి ఉండదు. పట్టిన ఎలుకను తూచడానికి బోను మూతికి గుడ్డసంచి బిగించి, అందులోకి దిగనిచ్చి, సంచితో సహా స్ప్రింగు త్రాసుకు తగిలించి, తరువాత సంచి బరువు తీసివేయండి.

జవాబు 3:
కంబాలకొండ అభయారణ్యం కనుక, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క బోను కూడా పెట్టవద్దు. ఎలుకల ఒంటిమీద ఉండే చిగ్గర్ పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. చేతితొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. జ్వరం వచ్చి, కుట్టిన చోట నల్లటి పొక్కు కనిపిస్తే, ఎలుకలతో పనిచేస్తున్నట్టు డాక్టరుగారికి ముందే చెప్పండి. సకాలంలో డాక్సీసైక్లిన్ మందు ఇస్తే నయమవుతుంది.