మామగారికి యాడ్-ఆన్ క్రెడిట్ కార్డు ఇవ్వాలా, డెబిట్ కార్డుతోనే సరిపెట్టాలా?

హిందూపురం కోడలు, వైట్‌ఫీల్డ్

మా మామగారు రిటైరై హిందూపురం నుంచి బెంగళూరులో మా దగ్గరికి వచ్చేశారు. మందులు, పుస్తకాలు, మనవడి బొమ్మలు అన్నీ ఫోన్‌లోనే తెప్పిస్తారు. వాడేది పెన్షన్ పడే ఖాతా డెబిట్ కార్డు. మా ఆయనేమో తన క్రెడిట్ కార్డు మీద యాడ్-ఆన్ (అదే కార్డు ఖాతాకి ఇంట్లోవాళ్ల కోసం ఇచ్చే ఇంకో కార్డు) తీసిద్దాం, అదే సేఫ్ అంటారు. నాకు టెన్షన్. ఆ కార్డు లిమిట్ 4 లక్షలు. ఎవడో మాయమాటలు చెప్పి ఓటీపీ లాగేస్తే మొత్తం ఊడ్చుకుపోతాడు కదా? పెన్షన్ ఖాతాలో ఎప్పుడూ అంత ఉండదు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ, మీరేమంటారు?

సిల్క్‌బోర్డ్ బాధితుడు

మీ ఆయన చెప్పిందే కరెక్ట్. డెబిట్ కార్డులో పోయేది మీ డబ్బు, పోయిన నిమిషం నుంచీ మీ చేతిలో లేనట్టే. పెన్షన్ ఖాతా ఖాళీ అయితే ఆ నెల మందులెలా కొంటారు? క్రెడిట్ కార్డు అయితే ముందు పోయేది బ్యాంకు డబ్బు. పైగా మోసం అని ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద, అది తేలేదాకా ఛార్జీలు వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో క్రెడిట్ కార్డులకు ఇచ్చిన నిబంధనల్లోనే ఉంది.

కేఆర్‌పురం కల్యాణి

బ్యాంకు డబ్బు అనేది మాటవరసకే అండీ. బిల్లు మీ ఆయన పేరు మీదే వస్తుంది, యాడ్-ఆన్ మీద ఖర్చుకి బాధ్యత కూడా అసలు కార్డుదారుడిదే. మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇలాగే జరిగితే, "ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చింది, దానితోనే లావాదేవీ పూర్తయింది" అని ఒక్క లైను మెయిల్ పెట్టి బ్యాంకు చేతులు దులుపుకుంది. తర్వాత రికవరీ ఫోన్లు, సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా తీరుస్తామా లేదా అని చూసే మార్కులు) గొడవ. నన్నడిగితే ఇంకో చిన్న ఖాతా తెరిచి అందులో 5,000 పడేసి, ఆ డెబిట్ కార్డు ఆయనకివ్వండి. పోతే అంతే పోతుంది.

పాస్‌బుక్ బాబాయ్

బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, విసుక్కోకండి.

మీరంతా డెబిట్టా, క్రెడిట్టా అని కొట్టుకుంటున్నారు గానీ నష్టం ఎవరు భరించాలన్న రూలు రెండింటికీ దాదాపు ఒకటే. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ అది. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో డేటా లీకైంది అనుకోండి. బ్యాంకు మెసేజ్ అందిన రోజు వదిలేసి 3 పనిదినాల్లోపు చెబితే మీ మీద పైసా పడదు. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకైనా, 5 లక్షల్లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకైనా మీ నెత్తిన పడేది గరిష్ఠంగా 10,000. ఆ పైన ఆలస్యం చేస్తే ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. ఫిర్యాదు అందాక 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా వెనక్కి వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

మెలిక ఎక్కడంటే, ఓటీపీ, పిన్ మీరే ఇచ్చేస్తే అది మీ నిర్లక్ష్యం కిందికొస్తుంది. బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మీదే. చెప్పిన తర్వాత జరిగింది మాత్రం బ్యాంకుది. అందుకే నిద్రలేపైనా సరే, ముందు కార్డు బ్లాక్ చేయించమంటాను.

ఇక 4 లక్షల భయం. చాలా బ్యాంకులు యాడ్-ఆన్‌కి విడిగా లిమిట్ పెట్టుకోనిస్తాయి. 10,000 పెట్టండి. విదేశీ లావాదేవీలు ఆఫ్‌లో ఉంచండి. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఓటీపీ అడుగుతారు గానీ, చాలా విదేశీ సైట్లలో కార్డు నంబరు, దాని మీదే ఉండే సీవీవీ కోడ్ ఉంటే చాలు, పని అయిపోతుంది. 2020 జనవరి సర్క్యులర్ పుణ్యమా అని ఈ స్విచ్‌లన్నీ బ్యాంకు యాప్‌లోనే ఉంటున్నాయి, వాడేవాళ్లే తక్కువ.

సిల్క్‌బోర్డ్ బాధితుడు

బాబాయ్ గారూ, నిర్లక్ష్యం అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఓటీపీ చెప్పిన ప్రతివాడూ నిర్లక్ష్యంగా ఉన్నట్టేనా? కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రి 9.30కి లైను పీకేస్తాం అని మెసేజ్ వస్తే పెద్దాయన కంగారు పడరా? కొత్త మనిషి ఒక్కసారిగా అంత కొంటుంటే ఆపాల్సిన సిస్టమ్ బ్యాంకు దగ్గర ఉండాలి కదా.

కేఆర్‌పురం కల్యాణి

కంగారు వేరు, చదవకపోవడం వేరు. పార్శిల్ అడ్రస్ తప్పుంది, 25 రూపాయలు కట్టండి అని లింకు వస్తుంది చూడండి. పేజీలో 25 అనే ఉంటుంది. కానీ ఓటీపీ మెసేజ్ తెరిస్తే 48,900 అనీ, ఎవరో ముక్కూ మొహం తెలియని మర్చంట్ పేరనీ రాసి ఉంటుంది. ఆ 6 అంకెలు తప్ప మిగతా మెసేజ్ ఎవరూ చూడరు. ఇప్పుడు ఫోను తనంతట తనే అంకెలు నింపేస్తోంది, ఇక చదివేదెవరు? ఆ ఆటోఫిల్ ఆపేయడం మంచిది.

బీటీఎం బ్యాచిలర్

మేడమ్, ఓటీపీ ఎవరికీ చెప్పకుండానే పోయినవాళ్లూ ఉన్నారు. రివార్డు పాయింట్లు ఈ రాత్రికి ఎక్స్‌పైర్ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపుతారు. ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇస్తే, వచ్చిన ఓటీపీ నేరుగా వాడికే పోతుంది. అప్పుడు నిర్లక్ష్యం ఎవరిది?

పాస్‌బుక్ బాబాయ్

మంచి ప్రశ్న. బ్యాంకులు కస్టమర్‌దే అంటాయి, నేను ఒప్పుకోను. తప్పు కస్టమర్‌దని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే అని ఆ 2017 సర్క్యులర్‌లోనే ఉంది. ఓటీపీ మ్యాచ్ అయిందన్నంత మాత్రాన నిరూపణ అయిపోదు. కల్యాణి గారి ఆఫీసు అమ్మాయి అక్కడితో వదిలేయకుండా ఉండాల్సింది. బ్యాంకు జవాబు నచ్చకపోయినా, 30 రోజులైనా జవాబే రాకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు, ఫీజు లేదు.

కేఆర్‌పురం కల్యాణి

పెట్టుకోవచ్చు, తిరిగే ఓపిక ఉండాలి కదండీ. అందుకే నాది 5,000 ఖాతా మాటే.

హిందూపురం కోడలు, వైట్‌ఫీల్డ్

10,000 లిమిట్‌తో యాడ్-ఆన్ అంటే మా ఆయన సరేనన్నారు. మామగారే "నన్నేమన్నా చిన్నపిల్లాణ్ణి అనుకున్నారా" అని మొహం మాడ్చుకున్నారు. ఒక్క సందేహం. ఓటీపీ ఎవరి ఫోన్‌కి రావాలి? మా ఆయన నంబరుకే రానిస్తే ప్రతిసారీ ఆయన చూసి చెప్తారు.

పాస్‌బుక్ బాబాయ్

మీటింగ్‌లో ఉన్న కొడుక్కి "ఓటీపీ చెప్పరా" అని తండ్రి ఫోన్ చేస్తే, మెసేజ్ చదవకుండానే అంకెలు చెప్పేస్తాడు. అది ఇంకా ప్రమాదం. బ్యాంకు ఒప్పుకుంటే మామగారి నంబరుకే పెట్టించండి, ఖర్చు అలర్ట్ మాత్రం ఇద్దరికీ రావాలి. 1930 సైబర్ హెల్ప్‌లైన్ నంబరు ఆయన ఫోన్‌లో సేవ్ చేయండి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనకాల ఉన్నదే వాడమనండి.