నీలం డాలు మీద నల్ల గుడ్లగూబ: చిన్నది చేస్తే ముద్దలా కనిపిస్తోంది, ఏం మార్చాలి?

కొత్తగీత:
సొంతానికి కోట్ ఆఫ్ ఆర్మ్స్ (డాలు మీద వేసే వంశచిహ్నం) గీస్తున్నాను. నీలం డాలు, మధ్యలో నల్ల గుడ్లగూబ, కాళ్ల కింద ఎర్ర పుస్తకం. డాలు పైభాగాన ఎర్ర అడ్డపట్టీ, దాని మీద మూడు బంగారు నక్షత్రాలు. ముద్ర కోసం 2 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఏదేమిటో తెలియడం లేదు. నీలం విశ్వాసానికి, ఎరుపు శౌర్యానికి గుర్తంటారు కదా, రంగులు మార్చొచ్చా?

డాలుపట్టీ:
తప్పు గీతలో లేదు, రంగుల్లో ఉంది. హెరాల్డ్రీలో, అంటే ఈ చిహ్నాల శాస్త్రంలో, బంగారం (పసుపు), వెండి (తెలుపు) లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. రంగు మీద రంగు, లోహం మీద లోహం వేయరు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మీరు నీలం మీద నలుపు, ఎరుపు రెండూ వేశారు. గుడ్లగూబను వెండి చేయండి, పట్టీని బంగారం, నక్షత్రాలను నీలం. ముక్కు, గోళ్లు ఏ రంగైనా ఫర్వాలేదు, అంత చిన్నవాటికి ఈ పట్టింపు లేదు. మధ్యయుగపు జెరూసలేం రాజ్యం వెండి మీద బంగారు శిలువ వేసుకుంది నిజమే, కానీ ఆ మినహాయింపు మనకు పనికిరాదు.

నల్లసిరా:
పుస్తకం తీసేయండి. పాశ్చాత్యుల్లో గుడ్లగూబ జ్ఞానానికి గుర్తు, చదువు సంగతి అదే చెబుతోంది, ఒకే మాట రెండుసార్లు ఎందుకు? రంగుకో గుణం అంటగట్టే పట్టికలు తర్వాతి రచయితల కల్పన, ధైర్యంగా మార్చండి. అర్థం బొమ్మలో ఉండాలి. ఇంటిపేరు మీద శ్లేష కుదిరితే ఇంకా మేలు: స్పెయిన్‌లోని పాత రాజ్యాలు కాస్టీల్‌కు కోట, లియోన్‌కు సింహం అలా వచ్చినవే, స్పానిష్‌లో ఆ మాటలు వాటి పేర్లలాగే వినిపిస్తాయి. గుడ్లగూబ ఒళ్లు డాలు పట్టుకున్నవాడి కుడివైపుకు, అంటే చూసేవాళ్లకు ఎడమకు తిరగాలి. ముఖం మాత్రం మనవైపే.

కొత్తగీత:
పట్టీ ఎంత ఎత్తు పెట్టాలి? ముద్రలో రంగు ఉండదు కదా, మరి నీలం ఎలా తెలుస్తుంది?

డాలుపట్టీ:
మీద బొమ్మలున్నాయి కాబట్టి డాలు ఎత్తులో మూడోవంతు ఇవ్వండి. రంగులకు 1638లో జెస్యూట్ పాదిరి పెట్రా సాంక్టా పుస్తకంతో వ్యాపించిన గీతల పద్ధతి ఉంది: నీలానికి అడ్డగీతలు, ఎరుపుకు నిలువుగీతలు, బంగారానికి చుక్కలు, వెండి ఖాళీ. 2 సెంటీమీటర్లలో గీతలు దగ్గరైతే సిరా నిండిపోతుంది. నక్షత్రాల్లో గీతలు వద్దు, సిరాతో నిండుగా ఉంచండి.

నల్లసిరా:
గీసేముందు మాటల్లో రాయండి, ముందు నేల, తర్వాత ప్రధాన బొమ్మ, చివర పట్టీ: “నీలం నేల మీద వెండి గుడ్లగూబ; బంగారు పట్టీ మీద ఐదు మొనల నీలి నక్షత్రాలు మూడు.” ఈ వాక్యం చదివి వేరేవాళ్లు గీస్తే ఇదే డాలు రావాలి. రాకపోతే వాక్యాన్ని దిద్దండి.