గ్రాంటు ప్రపోజల్‌లో ల్యాబ్ సేఫ్టీ కింద ఏమేం అడగాలి?

హన్మకొండ_మైక్రో: రిస్క్ గ్రూప్-2 (జబ్బు తేగలిగినా వ్యాపించే ముప్పు తక్కువున్న) బ్యాక్టీరియా మీద డీబీటీకి (కేంద్ర బయోటెక్నాలజీ విభాగానికి) ప్రపోజల్ రాస్తున్నం. పరికరాల కింద ఒక లామినార్ (వడగట్టిన గాలి వీచే పని బల్ల), ఒక ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెట్టినం. సేఫ్టీ పేరు మీద ఇంకేం అడగొచ్చు?

ఫిల్టర్_హెపా: ముందు ఆ ‘లామినార్’ కొట్టేయండి. అడ్డంగా గాలి వీచే లామినార్ శాంపిల్‌ను కాపాడుతుంది, గాలి మాత్రం మీ మొహానికే కొడుతుంది. మీకు కావాల్సింది క్లాస్-2, టైప్ ఏ2 బయోసేఫ్టీ క్యాబినెట్, అంటే శాంపిల్‌తో పాటు పని చేసే మనిషినీ కాపాడే పెట్టె. స్పెసిఫికేషన్‌లో ఎన్‌ఎస్‌ఎఫ్ 49 లేదా ఈఎన్ 12469 (ఈ క్యాబినెట్ల నాణ్యతా ప్రమాణాలు) అని రాయకపోతే జెమ్ పోర్టల్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్) తక్కువ రేటుకు వేరేది అంటగడతారు.

క్యాబినెట్ కొనడానికి డబ్బు దొరుకుతుంది, ఇబ్బంది ఆ తర్వాతే. ఏడాదికోసారి, జాగా మార్చిన ప్రతిసారీ హెపా (క్రిములను ఆపే సన్నటి గాలి ఫిల్టర్) లీక్ పరీక్ష, ముందు నుంచి లోపలికి వెళ్లే గాలి వేగం (సెకనుకు సుమారు 0.5 మీటర్లు) చూపించాలి. ఆ ఖర్చు మూడేళ్లకూ రికరింగ్ (ఏటా వచ్చే ఖర్చు) కింద ఇప్పుడే రాయండి. యూపీఎస్ కూడా అడగండి, కరెంటు పోయిందంటే క్రిములను బయటికి రాకుండా ఆపే గాలి తెర పోయినట్టే. క్యాబినెట్ ఎదురుగా సీలింగ్ ఫ్యాన్ తిరిగినా అదే గతి.

కాకతీయ_బీఎస్: కాగితాల సంగతి మర్చిపోవద్దు. పర్యావరణ చట్టం కింద వచ్చిన 1989 రూల్స్ జన్యుమార్పిడి జీవులకే కాదు, ప్రమాదకర సూక్ష్మజీవులకూ వర్తిస్తాయి. సంస్థ బయోసేఫ్టీ కమిటీని ఐబీకేపీ పోర్టల్‌లో (బయోసేఫ్టీ అనుమతుల ప్రభుత్వ వెబ్‌సైట్) రిజిస్టర్ చేయించాలి. అందులో డీబీటీ నామినీ ఉండాలి, డాక్టరు కూడా ఉండాలి. వరంగల్‌లో మెడికల్ కాలేజీ ఉంది కాబట్టి డాక్టరు దొరకడం కష్టం కాదు.

ఆవిరి_121: ఆటోక్లేవ్ 121 డిగ్రీలకు చేరినా సంచి మూతి బిగించి కడితే ఆవిరి లోపలికి పోదు, కల్చర్ బతికే ఉంటది. సంచి మీద అంటించే టేప్ రంగు మారితే వేడి తగిలిందనే అర్థం, క్రిములు చచ్చినట్టు కాదు. అందుకే స్పోర్ స్ట్రిప్స్ (వేడికి తట్టుకునే బ్యాక్టీరియా బీజాలున్న పరీక్ష కాగితాలు, అవి చచ్చాయో లేదో చూస్తారు) కూడా బడ్జెట్‌లో పెట్టండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల రూల్స్ ప్రకారం ల్యాబ్ కల్చర్లను అక్కడే శుద్ధి చేసి పంపాలి. కల్చర్ చిందితే 1 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్, బ్లీచ్ ద్రావణం) వాడండి: 5 శాతం ద్రావణం లీటరుకు నాలుగు లీటర్ల నీళ్లు, ఏ రోజుకారోజు కలపాలి. మన ఎండలకు క్యాన్‌లోనే బలం తగ్గిపోతది. హైపో పోసిన చెత్తను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తది.

హన్మకొండ_మైక్రో: థ్యాంక్స్ అన్నా. ఇదే ప్రపోజల్‌లో టీబీ కల్చర్ కూడా కలపొచ్చా?

ఫిల్టర్_హెపా: వద్దు. అది రిస్క్ గ్రూప్-3 (ఇంకా ప్రమాదకరమైన క్రిముల వర్గం). నెగెటివ్ ప్రెషర్ గది (లోపలి గాలి బయటికి పోకుండా ఒత్తిడి తగ్గించిన గది), హెపా ఎగ్జాస్ట్, సర్టిఫికేషన్ అన్నీ కావాలి. ఆ సౌకర్యం ఉన్న ల్యాబ్‌తో కలిసి వేరే ప్రపోజల్ రాయండి.