జాగ్వార్ ఎక్స్‌కే కూపే: ఇప్పుడు కొంటే రేపు క్లాసిక్ అవుతుందా?

ఫ్రిస్కో_కుర్రోడు: డాలస్ దగ్గర ఒక ఎక్స్‌కే కూపే చూశాను. 2010 మోడల్, 5.0 లీటర్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్), అదనపు పవర్ కోసం గాలిని లోపలికి తోసే సూపర్‌చార్జర్ లేనిది, ఒకే ఓనర్. పెద్దాయన బిల్లులన్నీ ఫైల్లో పెట్టి చూపించాడు. మా ఆవిడేమో "రెండు డోర్ల బండికి ఇంత డబ్బా?" అంటోంది. ముందు ముందు క్లాసిక్ అవుతుందని చెప్పి ఒప్పిద్దామని చూస్తున్నా. నిజంగా అవుతుందంటారా?

స్పానర్_శీను: క్లాసిక్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. పొద్దున్నే వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే నువ్వొస్తున్నావని ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వెళ్లు. చల్లటి ఇంజన్ స్టార్ట్ కాగానే ముందు వైపు గలగలమంటే టైమింగ్ చైన్ (ఇంజన్ లోపల వాల్వులని సమయానికి తెరిపించే గొలుసు) టెన్షనర్లు, గైడ్లు, అంటే ఆ గొలుసుని బిగువుగా, దారిలో ఉంచే భాగాలు, అనుమానించాలి. మొదట్లో వచ్చిన 5.0 ఇంజన్లకి ఇది పేరుమోసిన జబ్బు. ఆ పని చేయించిన బిల్లు ఉంటే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

రెండోది కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) పైపులు. ప్లాస్టిక్‌వి కదా, ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి పగులుతాయి. కూలెంట్ కారిపోయి ఇంజన్ వేడెక్కిందా, బండి రేటుకి సగం రిపేరుకే పోతుంది. వాటర్ పంపు కూడా చూపించు. గేర్‌బాక్స్ జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ చేసిన ఆరు స్పీడుది, గట్టిది. "దీనికి జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదు" అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకో, ఆయిల్ మార్పించు.

బర్మింగ్‌హామ్_బావ: ఈ బండి పుట్టింది మా ఊళ్లోనే, క్యాజిల్ బ్రామిచ్ ఫ్యాక్టరీలో. 2014లో ఆపేశారు. డిజైన్ అప్పటి జాగ్వార్ డిజైన్ హెడ్ ఇయాన్ కాలమ్‌ది. బాడీ అల్యూమినియం, జిగురు పెట్టి రివెట్లు కొట్టి అతికించారు. పాత జాగ్వార్లని తుప్పు తినేసినట్టు దీన్ని తినదు. కానీ పెయింటు కింద బుడగలు లేచాయేమో చూడు, అల్యూమినియానికీ దాని రోగం దానికుంది.

మా బ్రిటన్‌లో దీని అసలు శత్రువు రోడ్ టాక్స్. 2006 మార్చి 23 నుంచి రిజిస్టరై, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వదిలే ఇలాంటి బళ్లకి ఏడాదికి 700 పౌండ్లు పైమాటే. 40 ఏళ్లు దాటితే మాఫీ. నీ బండి ఇక్కడుంటే 2050, 51 దాకా ఆగాలి, అప్పటికి పెట్రోలు దొరికితే!

గోదారి_గ్యారేజ్: క్లాసిక్ అంటే రేటు పెరగడమే అయితే మామూలు ఎక్స్‌కే మీద ఆశ పెట్టుకోకండి. కలెక్టర్లు వెతికేది సూపర్‌చార్జర్ ఉన్న 550 హార్స్‌పవర్ ఎక్స్‌కేఆర్-ఎస్. మీరు చూసింది 385. నాకైతే అదే ఇష్టం. టర్బో లేని పెద్ద వీ8 ఇక కొత్త బళ్లలో దొరకడం కష్టం, హైవే మీద రోజంతా నడిపినా నడుం పట్టదు. వెనక సీట్లలో మనిషి పట్టడు, మా వాడి క్రికెట్ కిట్ పడుతుంది. డిక్కీ మాత్రం అద్దంతో సహా పైకి లేస్తుంది. రెండు సూట్‌కేసులు పెట్టాక కూడా సోనామసూరి సంచికి చోటు మిగిలింది. (ఇది మీ ఆవిడకి చెప్పండి.)

కూకట్‌పల్లి_కార్లు: అన్నా, ఇండియా వచ్చేసేటప్పుడు హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?

గోదారి_గ్యారేజ్: కుదరదు తమ్ముడూ. మూడేళ్లు దాటిన పాత కారు దిగుమతికి ఒప్పుకోరు, పైగా ఇది ఎడమ స్టీరింగ్. 2008లో టాటా వాళ్లు జాగ్వార్‌ని కొన్నాక, 2009లో ఇండియాలో అమ్మకాలు మొదలైనప్పుడు ఎక్స్‌కేఆర్ (సూపర్‌చార్జర్ ఉన్న ఎక్స్‌కే) కూడా తెచ్చారు. కావాలంటే అలాంటిది ముంబైలోనో ఢిల్లీలోనో వెతుక్కోవాలి. ఢిల్లీ బండైతే, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద అక్కడి రూలు ఇప్పుడెలా ఉందో కనుక్కో.

ఫ్రిస్కో_కుర్రోడు: అందరికీ థాంక్స్. శనివారం పొద్దున వెళ్తున్నా, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని పెద్దాయనకి చెప్పా. ఫైలు మళ్లీ తిరగేశాను, చైన్ పని బిల్లు మాత్రం లేదు. ఎంత తగ్గించమనాలి?

స్పానర్_శీను: నోటికొచ్చిన అంకె చెప్పకు. జాగ్వార్లు తెలిసిన బయటి మెకానిక్ దగ్గర చైన్ పనికి కొటేషన్ రాయించుకుని, ఆ కాగితం ఆయన ముందు పెట్టు. అందులో సగమన్నా తగ్గించకపోతే లేచి వచ్చెయ్.