షూ బెయ్‌హోంగ్ గుర్రాలు: బొమ్మలా, చందా రసీదులా?

గోదారిగట్టు:
మొన్న బంధువుల ఇంట్లో వాస్తు కోసం తగిలించిన ఏడు గుర్రాల పటం చూశాక ఈ గొడవ మళ్లీ బుర్రలోకొచ్చింది. చైనా చిత్రకారుడు షూ బెయ్‌హోంగ్ (1895–1953) అనగానే అందరూ గుర్రాలే అంటారు. జపాన్‌తో యుద్ధం నడిచిన రోజుల్లో సింగపూర్, పినాంగ్, కౌలాలంపూర్, మన కలకత్తా తిరిగి ప్రదర్శనలు పెట్టి, వచ్చిన డబ్బు యుద్ధ బాధితుల కోసం పంపాడు. మంచి మనిషే, కాదనను. కానీ అదే గుర్రాన్ని ఏళ్ల తరబడి అటు తిప్పి ఇటు తిప్పి వేస్తే అది చందా ఇచ్చినవాడికి రాసిచ్చే రసీదు కాదా? పైగా యుద్ధకాలపు చిత్రకారుడట! ఆ గుర్రాల పక్కన తుపాకీ లేదు, కూలిన గోడ లేదు.

బొగ్గుముక్క:
గట్టు గారూ, సిరా పీల్చే ఆ చైనా కాగితం మీద ఒక్క జూలు వేసి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం. నేను వేశాను. కుంచెలో నీళ్లు కాస్త ఎక్కువయ్యాయి, జూలు కాస్తా గోడ మీద చెమ్మ మరకైంది. చెరపడానికి లేదు, పైన ఇంకో పూత వేసి కప్పేయడానికి లేదు. ఆయనేమో మెడ మీద తడి కుంచె లాగుతాడు, తోక దగ్గరికొచ్చేసరికి కుంచె దాదాపు పొడి. డొక్క దగ్గర కాగితాన్ని ఉత్తగా వదిలేస్తాడు, వెలుతురు అక్కడే పడ్డట్టుంటుంది. ప్యారిస్‌లో ఏళ్లపాటు నేర్చిన ఎముకల లెక్కంతా ఆ నాలుగు గీతల కింద ఉంది. గుర్రాల స్కెచ్‌లు వెయ్యికి తక్కువ కాకుండా గీశానని తనే చెప్పుకున్నాడు. రోజూ తోడి సాధన చేసేవాణ్ణి రసీదులు రాస్తున్నాడంటామా?

గోదారిగట్టు:
సాధనకు అనం. టికెట్ పెట్టిన ప్రతి కచేరీలోనూ అదే తోడి ఎత్తుకుంటే అంటాం :)

పాతపేజీ:
ఇద్దరూ 1941లో పినాంగ్‌లో వేసిన గుర్రాన్ని వదిలేశారు. అది మన మీదికే దూసుకొస్తున్నట్టు ఉంటుంది. పక్కన ఆయన చేతిరాత: చాంగ్‌షాలో (జపాన్ సేనలు మీదపడ్డ చైనా నగరం) రెండో యుద్ధం జరుగుతోంది, మనసు దహించుకుపోతోంది, పోయినసారి వచ్చిన ఫలితమే (అప్పుడు చైనా నిలిచింది) ఈసారీ వస్తుందేమోనని ఎదురుచూస్తున్నా, అని దాని భావం. తుపాకీ లేదన్నారు కదండీ, ఆ రాత చదివి మళ్లీ చూడండి.

ఇంకోటి. యుద్ధం గురించి ఆయన వేసిన అసలు పెద్ద బొమ్మ గుర్రాలది కాదు, పైగా మన దేశంలో వేసింది. టాగోర్ పిలిస్తే 1939 చివర్లో శాంతినికేతన్ వచ్చాడు. అక్కడికొచ్చిన గాంధీని చూసి స్కెచ్ గీశాడు. 1940లో ఇక్కడే వేశాడు, ఇంటికి అడ్డంగా ఉన్న కొండల్ని కొడుకులూ మనవలతో కలిసి తవ్వేసే తొంభై ఏళ్ల ముసలాయన బొమ్మ. నాలుగు మీటర్లకు పైనే పొడవు. కథ చైనాది, గడ్డపార ఎత్తిన కండలు మాత్రం మనవాళ్లవి, మోడళ్లు ఇక్కడివాళ్లే.

రంగులడబ్బా:
నాకు ఆ కొండ బొమ్మ నాటకంలో చివరి సీన్‌లా ఉంటుంది, అందరూ ఒకేసారి ఫోజు పెట్టినట్టు. గుర్రాలే నయం, కళ్లెం కూడా లేకుండా వాటి దారిన అవి పోతాయి. ఇక చందా సంగతి. 1945లో భార్య జియాంగ్ బీవెయ్‌తో తెగతెంపులు చేసుకున్నప్పుడు ఆమెకు 10 లక్షల యువాన్లు, 100 బొమ్మలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. అంటే ఆయన బొమ్మ దేశానికీ నోటే, ఇంటికీ నోటే. అందులో నాకు తప్పు కనపడదు. నాకు మింగుడుపడనిది వేరే: 1929లో ఫ్రెంచి ఆధునిక చిత్రకారులు సెజాన్‌నీ మతీస్‌నీ దుమ్మెత్తిపోసిన మనిషే, కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక బీజింగ్‌లోని కేంద్ర కళా అకాడమీకి తొలి అధ్యక్షుడు. ఆయన ఇష్టాలు పిల్లల సిలబస్ అయ్యాయి. తిట్టాలంటే అక్కడ తిట్టండి, పాపం గుర్రాలేం చేశాయి?

గోదారిగట్టు:
సిలబస్ సంగతికి వేరే దారం తెరవండి, వస్తా. పినాంగ్ గుర్రం వరకు ఒప్పుకున్నా, పేజీ గారూ. ఆ రాత లేని మిగతా మందంతా?

బొగ్గుముక్క:
రాతలు మూసేసి రెండు గుర్రాలు పక్కపక్కన పెడితే, ఏది చాంగ్‌షా నాటిదో మీరు చెప్పగలరా?

గోదారిగట్టు:
చెప్పలేను. పొద్దుట్నించీ నేను మొత్తుకుంటున్నదీ అదే కదండీ.