ఎర్రనేలలో కొర్రకు జీవామృతం ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న (కళ్యాణదుర్గం నుంచి ఒక రైతు)
అందరికీ నమస్కారం. మాది వర్షాధారపు ఎర్రనేల. కిందటి ఖరీఫులో ఎస్.ఐ.ఎ. 3085 రకం కొర్రను రసాయన ఎరువులేవీ వేయకుండా, పక్షానికొకసారి జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం వంటివి నీళ్లలో కలిపి పులియబెట్టిన ద్రావణం) మాత్రమే ఇచ్చి పండించాము. మొలక బాగానే వచ్చింది గాని, నెల దాటేసరికి కింది ఆకులు పసుపుబారాయి, పిలకలు తగ్గాయి, కంకులు పొట్టిగా ఉండిపోయాయి. ఈసారి జీవామృతం మోతాదు పెంచితే సరిపోతుందా? యూరియా జోలికి మళ్లీ పోకూడదన్నది మా ఇంటిల్లిపాది నిర్ణయం.

జవాబు 1
మీ నిర్ణయం మంచిదే, దానికి కట్టుబడే పండించవచ్చు. ముదురు ఆకులు ముందుగా పసుపుబారడం నత్రజని లోపానికి గుర్తు. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ములో మనం కలిపేది 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి మాత్రమే కాబట్టి, వీటన్నింటిలోని నత్రజని లెక్క కడితే అర కిలోకు కూడా చేరదు. కొర్రకు ఎకరాకు సిఫారసు చేసేది 16 కిలోలు. జీవామృతం పైరుకు తిండి కాదు, నేలలోని సూక్ష్మజీవులకు ఊతం. అవి మార్చి ఇవ్వడానికి నేలలో సేంద్రియ పదార్థం లేకపోతే ఎన్ని డ్రమ్ములు పోసినా ఫలితం ఉండదు.

అందుకని ముందు ఎకరాకు 4 టన్నుల మాగిన పశువుల ఎరువు ఆఖరి దుక్కిలో కలపండి. దిబ్బలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూడండి: నల్లగా, పొడిపొడిగా రాలుతూ, పేడ వాసన లేకుండా ఉంటేనే అది మాగినట్టు. పచ్చి ఎరువు వేస్తే చెదలు చేరతాయి. దానితో వచ్చే గడ్డి విత్తనాలు కొర్రతో పాటే మొలుస్తాయి, లేతదశలో ఏది గడ్డో ఏది కొర్రో కలుపు తీసేవారికి తేలిగ్గా తెలియదు.

జవాబు 2
పై మాటతో ఏకీభవిస్తున్నాను. ఎరువు కొరతగా ఉంటే 100 కిలోల వేపపిండి వేసుకోండి, దానితో సుమారు 5 కిలోల నత్రజని అందుతుంది. అయిదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేయడం కూడా మరవకండి. కొర్ర 80, 85 రోజుల్లో కోతకు వస్తే, కంది ఆ తరువాత కూడా పొలంలో నిలిచి, ఆకు రాల్చి నేలను బలపరుస్తుంది.

ప్రశ్న అడిగిన రైతు
చాలా కృతజ్ఞతలు. మాకున్నవి రెండే ఆవులు, 4 టన్నుల ఎరువు కొనడం భారమే. మా ఊరి మీదుగా గొర్రెల మందలు వెళుతుంటాయి. పొలంలో మంద కట్టిస్తే (రాత్రిళ్లు గొర్రెలను అక్కడే నిలిపితే) చాలుతుందా?

జవాబు 1
తప్పకుండా కట్టించండి, మన మెట్ట భూములకు అంతకంటే మేలైన పద్ధతి నాకు తెలియదు. గొర్రె పెంటికల్లో నత్రజని పశువుల పేడలో కంటే ఎక్కువ, పైగా మూత్రం కూడా నేరుగా నేలలోనే ఇంకుతుంది. మందను రోజూ ఒకే చోట నిలపకుండా పొలమంతా తిప్పేలా కాపరితో ముందే మాట్లాడుకోండి. మంద లేచిన చోట ఆలస్యం చేయకుండా తేలికగా గుంటక (మట్టిని పైపైన కదిలించే పనిముట్టు) తోలి పెంటికలను మట్టిలో కలపాలి. ఎండకు వదిలేస్తే మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది.